న్యాయం మాస్టర్ లెక్కలో లేని నాలుగోది

“మూడే మూడు. నాలుగోది ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ జేబులోంచా?” అన్నాడు మాస్టర్, సుద్దబిళ్ళతో బల్ల మీద మూడు గీతలు గీసి. “గుండీలు రెండూ బొమ్మలు పడితే, ఇది ఒకటి. రెండూ బొరుసులు, ఇది రెండు. చెరొకటి, ఇది మూడు. అయిపోయింది. ఇంకెలా పడతాయి, అంచుల మీద నిలబడతాయా?”

అప్పటికి నేను ఆయన కుట్టుమిషన్ కడుపు విప్పి, ముక్కలన్నీ పాత గుడ్డ మీద పరిచి, ఒక్కోదాన్నీ తుడుస్తూ కూర్చున్నాను. మిషన్లు బాగుచెయ్యడం నా వృత్తి. చేతిలో పని ఉన్న మనిషితో వాదన పెట్టుకోవడమంటే మాస్టర్‌కి మహా ఇష్టం. ఎదుటివాడు లేచి వెళ్ళిపోలేడు కదా.

మా వీధిలో ఆయన్ని ఎదురుగా మాస్టర్ అంటారు, వెనక న్యాయం మాస్టర్ అంటారు. కోట్లు కుట్టడంలో పేరున్నవాడు. భుజం దగ్గర ఒక్క ముడత రాకుండా చెయ్యి అతకడం ఆయన దగ్గరే చూడాలి. కానీ కోట్ల గురించి ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. న్యాయం గురించి మాత్రం ఎవరూ అడక్కపోయినా మొదలుపెడతాడు. ట్రయల్‌కి వచ్చిన మనిషికి ఒళ్ళంతా గుండుసూదులు పెట్టి, కదిలితే గుచ్చుకునేలా నిలబెట్టి, అప్పుడు చెబుతాడు న్యాయం అంటే ఏమిటో. ఆ స్థితిలో ఆయనతో ఏకీభవించని వాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

ఆ న్యాయం అంతా పుట్టింది ఒక కిటికీ దగ్గర.

తండ్రి పోయాక కుట్టుపని చేసే ఆ గది ముగ్గురికీ కలిపి మిగిలింది: మాస్టర్‌కి, ఆయన చెల్లెలికి, అందరికంటే చిన్నవాడైన తమ్ముడికి. ఇరుకు మెట్లెక్కి పైకి వెళితే ఒక గది, మూడు బల్లలు, మూడు మిషన్లు, ఒకటే కిటికీ. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటే నల్లగుడ్డ మీద నల్లదారం కూడా కనిపిస్తుంది. వెనక బల్లల దగ్గర పట్టపగలే దీపం వేసుకోవాలి, ఆ దీపం కింద ఏది ఆకుపచ్చో ఏది నీలమో తేల్చడానికి మళ్ళీ కిటికీ దాకా నడవాలి. పైగా మెట్లెక్కి వచ్చిన మనిషికి ముందు కనిపించేది కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళే. తెచ్చిన గుడ్డ వాళ్ళ చేతిలోనే పెడతాడు.

మొదట్లో ఎవరు ముందు వస్తే వాళ్ళది అనుకున్నారట. దాంతో పొద్దున్నే ముగ్గురూ తాళం దగ్గర కాపలా కాయడం, తలుపు తియ్యగానే మెట్ల మీద ఒకరినొకరు మోచేతులతో నెట్టుకుంటూ పైకి పరిగెత్తడం. కింద చెప్పులు కుట్టే ఆయనకి అదో వినోదం, ఆ సమయానికి టీ కూడా తెప్పించుకుని కూర్చునేవాడు. ఒకరోజు తమ్ముడి మోకాలు మెట్టుకి కొట్టుకుని వాచాక మాస్టర్‌కి న్యాయం తట్టింది.

డబ్బాలోంచి రెండు కోటు గుండీలు తీశాడు. నల్లవి, చదునైనవి, ఒక వైపు నునుపు, ఒక వైపు గరుకు. నునుపుని బొమ్మ అనుకోమన్నాడు, గరుకుని బొరుసు అనుకోమన్నాడు. పొద్దున్నే రెంటినీ బల్ల మీద వెయ్యాలి. రెండూ బొమ్మలైతే ఆ రోజు కిటికీ పెద్దవాడిది. ఎందుకయ్యా అంటే, పెద్దవాడికి బొమ్మలే అందం. రెండూ బొరుసులైతే తమ్ముడిది. ఎందుకంటే వాడు కూడా మగపిల్లాడే, వాడికీ ఒక జత ఉండాలి. మిగిలింది చెరొకటి పడటం, అటూ ఇటూ కానిది. “అమ్మాయికి అది చాల్లే” అన్నాడు మాస్టర్. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కలు కూడా ఆమెకే పడేసేవారు, ఆమె వాటితోనే చంటిపిల్లల గౌన్లు కుట్టి అమ్మేది. మిగిలినవి తీసుకోవడం ఆమెకి కొత్త కాదు.

ముగ్గురు మనుషులు, మూడు పడటాలు, తలకొకటి. ఇంతకంటే సమంగా దేవుడు కూడా పంచలేడని మాస్టర్ ఇప్పటికీ అంటాడు.

మర్నాటినుంచీ కిటికీ చెల్లెలిదైపోయింది. ప్రతిరోజూ కాదు, ఇంచుమించు రోజు విడిచి రోజు. మిగిలిన సగాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకోవాల్సి వచ్చేది. ఏళ్ళు గడిచేసరికి కిటికీ పక్క కుర్చీ దిండు కూడా ఆమె కూర్చునే తీరుకే గుంటపడింది. మాస్టర్ తన వంతు వచ్చినప్పుడు ఆ గుంటలో ఇమడలేక అటూ ఇటూ కదులుతుంటాడు.

ఆయన ఊరుకోలేదు, విచారణ జరిపించాడు. ముందు చెల్లెలి చేతిని అనుమానించి, ఇకమీదట ఆమె వెయ్యకూడదన్నాడు. తనే వేశాడు, చెరొకటి పడింది. అయితే తప్పు బల్లదేనన్నాడు, ఒరిగి ఉందని కాలి కింద అట్టముక్క దోపించాడు. తర్వాత గుండీలు అరిగాయన్నాడు, కొత్తవి తెచ్చాడు. చేతి చెమట అంటుకుంటోందని గాజు గ్లాసులో వేసి గిలకరించి బోర్లించాడు. తమ్ముడి చేత వేయించాడు, కస్టమర్ల చేత వేయించాడు, యూనిఫాం కొలతలకి వచ్చిన ఒక పోలీసాయన చేత కూడా వేయించాడు, చట్టానికైనా భయపడతాయేమోనని. గుండీలు దేనికీ బెదరలేదు. ఆయన లోకంలో ఉన్న అన్నిటినీ అనుమానించాడు, ఒక్క తన మూడు గీతల్ని తప్ప. చివరికి, న్యాయం చేసే మనిషికే అన్యాయం జరుగుతుందని తీర్మానించి, ఆ బాధని కూడా ట్రయల్‌కి వచ్చినవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కానీ ఆ రోజు మేం వాదించుకుంటున్నది రేపటి గురించి.

వాళ్ళు ఆ పాత గది ఖాళీ చేస్తున్నారు. కొత్త గది అదే వీధిలో, మెట్లెక్కే పని లేకుండా నేలమీదే ఉంది. రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది, కిటికీ ఒక కొసన మాత్రమే. అక్కడ మిషన్లకి మోటార్లు పెట్టిస్తున్నారు. మోటార్లు బిగించేది నేనే కాబట్టి నేను ముందే చెప్పాను: ఒకసారి బల్లలకి బోల్టులు పడ్డాక, గోడలో వైరు పోయాక, రోజూ చోట్లు మార్చుకోవడం కుదరదు. ఎవరి మిషన్ ఎక్కడో తేల్చుకుని చెప్పండి, గోడకి రంధ్రాలు కొడతాను అని. మాస్టర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, రేపు పొద్దున్న గుండీలు వేద్దాం, ఒకే ఒక్కసారి, ఎవరికి పడితే వాళ్ళకి శాశ్వతంగా కిటికీ అన్నాడు.

ఆయన కళ్ళు పోతున్నాయి. ఆ ముక్క ఆయన అనడు, మేమెవరమూ ఆయన ముందు అనం. కళ్ళ డాక్టర్ ఇక అద్దాలు మార్చి లాభం లేదని, మంచి వెలుతురులో ఉన్నంతకాలం పని చేసుకోవచ్చని చెప్పాడట. ఆ మాట ఆయన మాతో చెప్పిన తీరు వేరు: “డాక్టర్ నా కళ్ళు చూసి ఆశ్చర్యపోయాడు.” కిటికీ దొరికితే ఇంకా చాలాకాలం కోట్లు కుడతాడు. దొరక్కపోతే వెనక బల్ల, దీపం, ఆ తర్వాత ఇస్త్రీపెట్టె. కోటు చేతులు అతికే మనిషి పొద్దస్తమానం ఇంకొకరు కుట్టిన ప్యాంట్లు రుద్దుకుంటూ కూర్చోవాలి.

అందుకే నేను ఆ పూట నోరు మూసుకోలేకపోయాను. ఈ లెక్క నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. పాత పుస్తకాల కొట్టులో అట్టలేని లెక్కల పుస్తకం ఒకటి దొరికితే, స్పేర్ పార్టులకోసం ఎదురుచూసే ఖాళీలో చదువుకుని, అర్థంకాని చోట ఆగి, మళ్ళీ మొదటికెళ్ళి నేర్చుకున్నాను. అందులో దీనికి ప్రతిరూపావరణం అని పెద్ద పేరే ఉంది. లోపల విషయం మాత్రం చిన్నది. పడడానికి వీలున్న వాటినన్నిటినీ వరుసగా పెట్టు. ఒక్కటీ వదిలెయ్యకు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయని రెంటిని ఒకే దాంట్లో కుక్కెయ్యకు. ఆ వరుస సరిగ్గా పెడితే మిగతాదంతా వేళ్ళమీద లెక్కే. వరుసే తప్పైతే ఎంత న్యాయంగా పంచినా తప్పే పంచుతాం.

“మాస్టర్, ఆ చెరొకటి అనేది ఒకటి కాదు, రెండు” అన్నాను. ఆయన గుండీల డబ్బాలోంచి ఒక నల్లది, ఒక తెల్లది తీసి ముందు పెట్టాను. నల్లది బొమ్మ పడి తెల్లది బొరుసు పడొచ్చు. నల్లది బొరుసు పడి తెల్లది బొమ్మ పడొచ్చు. అవి రెండు వేరువేరు పడటాలు. వాటితో కలిపితే మొత్తం నాలుగు. నాలుగింట్లో మీకొకటి, తమ్ముడికొకటి, చెల్లెమ్మకి రెండు. చేతిదో బల్లదో తప్పు కాదు, మీరే ఇచ్చారు ఆవిడకి సగం కిటికీ.

మాస్టర్ ఆ రెండు గుండీల్నీ చాలాసేపు చూశాడు. ఒప్పుకుంటాడేమో అనుకున్నాను.

“నల్లదీ తెల్లదీ అయితే నాలుగు. అది నాకూ కనిపిస్తోంది” అన్నాడు. “మావి రెండూ నల్లవి. నువ్వు ఒకదానికి సున్నం కొట్టి నాలుగోదాన్ని పుట్టించావు. రంగు కడిగేస్తే మళ్ళీ మూడే.”

గుండీకి తన రంగేమిటో తెలియదు మాస్టర్, తెల్లరంగు వేశామని అది పడే తీరు మార్చుకోదు అన్నాను. అయితే మరి నువ్వెందుకు వేశావు అన్నాడు. మీకు కనిపించడానికి అన్నాను. అనకూడని మాట అది. కళ్ళ మాట వచ్చేసరికి ఆయన మొహం ముడుచుకుపోయింది, డబ్బా మూత టప్పున పెట్టేశాడు.

పోనీ వేసి చూద్దాం, ఓపిక ఉన్నంతసేపు వేద్దాం, ఏది ఎక్కువ పడుతుందో అదే చెబుతుంది అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. ఉత్తినే వేసేటప్పుడు గుండీలకి బాధ్యత ఉండదట. నిజంగా ఏదైనా తేలాల్సి ఉన్నప్పుడే అవి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పడతాయట. ఇన్నేళ్ళుగా నిజంగా వేస్తూనే ఉన్నారు కదా అంటే, అవన్నీ రోజువారీ తీర్పులు, రేపటిది ఆఖరి తీర్పు, రెంటికీ తేడా ఉంది అన్నాడు.

వెనక బల్ల దగ్గర ప్యాంటు ఇస్త్రీ చేస్తున్న తమ్ముడు ఇక ఉండబట్టలేకపోయాడు.

“మీ ఇద్దరికీ పనిలేదు” అన్నాడు. “మూడేంటి, నాలుగేంటి. కిటికీ వస్తే వస్తుంది, రాకపోతే లేదు. ఉన్నవి రెండే. అంటే నాకు సగం ఛాన్సు.”

అదే లెక్కన మీ అన్నయ్యకీ సగం, అక్కయ్యకీ సగం అన్నాను. మొత్తం కలిపితే ఒకటిన్నర కిటికీలు అవుతాయి.

“అందుకేగా గొడవ” అన్నాడు తమ్ముడు, ఇస్త్రీపెట్టె మళ్ళీ అందుకుంటూ.

ఉన్నవి రెండు గుండీలు. వాటికి ఒకడు రెండంటాడు, ఒకడు మూడంటాడు, నేను నాలుగంటాను. కుటుంబం బాగానే నడుస్తోంది.

తుడిచిన ముక్కల్ని గుడ్డలో మూటకట్టి అక్కడే పెట్టి, గోడ కొలతలు చూసుకోవడానికి కొత్త గదికి వెళ్ళాను. చెల్లెలు అక్కడే ఉంది. తలకి గుడ్డ చుట్టుకుని సిమెంటు దుమ్ము ఊడుస్తోంది. ఈవిడ ఇప్పుడు కుట్టేది స్కూలు యూనిఫాంలు. ఒకే కాలరు, ఒకే జేబు, ఒకే నీలం, ఏడాది పొడుగునా. మాటలు కూడా అలాగే కొలిచి కత్తిరించినట్టుంటాయి.

నేను ఆయనతో పడ్డ వాదనంతా చెప్పాను. ఆవిడ చీపురు గోడకి ఆనించి విన్నది. ఆయనకి లెక్క చెప్పడం దండగ అంది. చెప్పేకొద్దీ ఇంకా బిగుసుకుపోతాడంది. మరి మీరు ఈ లెక్క ఎప్పుడైనా చూసుకున్నారా అని అడిగాను.

“నేనేం చూడలేదు. ఎక్కువసార్లు నాదే పడుతోంది, నోరు మూసుకున్నాను. ఆయన పెట్టిన న్యాయమే కదా, మధ్యలో నేనెందుకు పాడుచెయ్యడం” అంది.

తర్వాత కోటు సంగతి చెప్పింది. ఈమధ్య ఒక నల్లకోటుకి మాస్టర్ చేత్తో కాజాలు కుట్టాడు, అన్నీ ముదురు నీలం దారంతో. వెనక బల్ల దగ్గర కూర్చున్న రోజు అది. మర్నాడు పొద్దున్న ఆవిడ చూసి, ఆయన టీకి దిగినప్పుడల్లా ఒక్కోటీ విప్పి, నల్లదారంతో తిరిగి కుట్టింది. ఒక్క కాజా మిగిలిపోయింది. కస్టమర్ అది పట్టుకుని అడిగితే, మాస్టర్ ఏమాత్రం తడబడకుండా అదే ఇప్పటి ఫ్యాషన్ అన్నాడు. వెళ్ళాక ఆ కాజాని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ సాయంత్రం ఎవరితోనూ న్యాయం గురించి మాట్లాడలేదు.

అప్పుడు ఆవిడే అడిగిందట, అన్నయ్యా, ఇక కిటికీ దగ్గర నువ్వే కూర్చో, నేను వెనక్కి వెళ్తాను అని. ఆయన కత్తెర కింద పెట్టి, నాకు దానం చేస్తున్నావా, దానాలు పట్టే వయసొచ్చిందా నాకు అన్నాడు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజు కూడా గుండీలు వెయ్యమనే మాటతోనే మొదలుపెట్టాడు.

“నేను ఇస్తే తీసుకోడు. అందుకని ఇవ్వను” అంది. “ఆయనే అడగాలి. ‘అమ్మాయ్, ఆ కిటికీ నాకు కావాలి’ అంటే చాలు. తమ్ముడితో కూడా మాట్లాడాను, వాడూ సరేనన్నాడు. అడగనంటారా, గుండీలే వేద్దాం. నాకు పడితే నేనే కూర్చుంటాను. నాకు మాత్రం కళ్ళు లేవా, నాకు మాత్రం వయసు రావట్లేదా?”

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఆవిడ నవ్వలేదు. చీపురు తీసుకుని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

అంటే ఆయన ముందున్నవి రెండు దారులు. ఒక్క మాట అడిగితే కిటికీ మొత్తం ఆయనదే. అడక్కుండా గుండీల మీద కూర్చుంటే నాలుగింట ఒక్కటి. నాలుగింట ఒకటి అని కూడా తెలియకుండా, మూడింట ఒకటి అనుకుంటూ, ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు మహానుభావుడు.

మధ్యాహ్నం తిరిగి పాత గదికి వచ్చాను. మాస్టర్ ఒక బూడిదరంగు కోటుని చెక్కబొమ్మకి తొడిగి దాని చుట్టూ తిరుగుతున్నాడు. నేను ఇక గుండీల జోలికి పోలేదు. ఆయన మిషన్ తిరిగి బిగిస్తూ మామూలుగా అడిగాను, కోటు తీసుకెళ్ళిన మనిషి తిరిగొచ్చి, ఒక చెయ్యి బాగుంది, ఒక చెయ్యి బాలేదు అంటే మీరు ముందు ఏం చేస్తారు అని.

“ఏ చెయ్యి అని అడుగుతాను” అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఎందుకు అడగడం, ఒకటి బాగుంది, ఒకటి బాలేదు, చెరొకటి, అంతేగా అన్నాను.

“అంతే ఎలా అవుతుంది? కుడిది బాలేకపోవడం వేరు, ఎడమది బాలేకపోవడం వేరు. చూడ్డానికి రెండు చేతులూ ఒకేలా ఉంటాయి, నిజమే. అంతమాత్రాన కుడిది విప్పాల్సిన చోట ఎడమది విప్పితే” అంటూ ఆగాడు.

నేను స్క్రూ బిగిస్తూనే ఉన్నాను, తలెత్తలేదు. రెండు చేతులూ బాగుండొచ్చు, రెండూ బాగుండకపోవచ్చు. ఆ మిగిలిన చెరొకటి అనే చోట రెండు వేరే వేరే కోట్లు నిలబడి ఉన్నాయి. బతుకంతా చేతులు అతికిన మనిషికి ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. రెండు చేతులకీ ఒకటే గుడ్డ, ఒకటే రంగు. ఆయన ఏనాడూ వాటికి సున్నం కొట్టి గుర్తుపట్టలేదు.

ఆయన చెక్కబొమ్మ దగ్గరే నిలబడి కోటు కుడిచేతిని ఒకసారి, ఎడమచేతిని ఒకసారి పట్టుకుని లాగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, మిషన్‌కి నూనె ఎక్కువ పోశానని, గుడ్డకి మరక అంటితే బాధ్యత నాదేనని గట్టిగా కేకలేశాడు. నేను పోసింది రెండు చుక్కలు. ఆయన కేకలు వేశాడంటే ముల్లు దిగిందన్నమాట.

ఆ తర్వాత ఒక కస్టమర్ ట్రయల్‌కి వచ్చాడు. ఒళ్ళంతా గుండుసూదులతో నిలబడి పాపం ఎదురుచూశాడు, న్యాయం ఎప్పుడు మొదలవుతుందా అని. ఏమీ మొదలవలేదు. ఆ మనిషి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా తమ్ముడు ఇస్త్రీపెట్టె ఆర్పి ఇంటికి వెళ్ళాడు. నేను పెట్టె సర్దుకుంటున్నాను. మాస్టర్ కిటికీ మూస్తూ, వీధిలోకి చూస్తూ, “మెకానిక్” అన్నాడు. ఎప్పుడూ ఒరేయ్ అని పిలిచే మనిషి మెకానిక్ అన్నాడంటే ఏదో ఉందనుకున్నాను.

చాలాకాలంగా తనని ఒక సంగతి బాధపెడుతోందన్నాడు. ఆనాడు గుండీలు పంచేటప్పుడు, పెద్దవాడినన్న అధికారంతో మంచి జతని, ఆ రెండు బొమ్మల్నీ తన పేరున పెట్టుకున్నాడట. ఆడపిల్లకి ఆ మిగిలిపోయిన చెరొకటి విదిలించాడట. అది తనలాంటివాడు చెయ్యాల్సిన పని కాదట. రేపు ఆఖరిసారి కాబట్టి ఆ తప్పు దిద్దుకోవాలని ఉందట. రెండు బొమ్మలూ, ఆ గౌరవం, ఈసారి చెల్లెలు తీసుకోవాలి. ఎవరికీ అక్కర్లేని చెరొకటి తను తీసుకుంటాడు.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన మొహం కిటికీ గొళ్ళెంలోకి చూస్తోంది.

“లెక్క అర్థమైందన్నమాట” అన్నాను.

“లెక్కేంటి లెక్క. ఇది మనసుకి సంబంధించింది.”

“మనసైనా సగమే మాస్టర్. నాలుగింట రెండు. ఇంకో రెండు మిగిలే ఉన్నాయి, కిటికీ పోవచ్చు. అదే ఆవిణ్ణి ఒక్క మాట అడిగితే మొత్తం మీదే. వాళ్ళిద్దరూ ఒప్పుకునే ఉన్నారు.”

ఆయన గొళ్ళెం పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“తెలుసు” అన్నాడు. “అడిగితే ఇస్తారు. అదేగా బాధ. ఇచ్చిన చోట కూర్చుంటే రోజూ పొద్దున్నే ఇచ్చినవాళ్ళ మొహం చూడాలి. పడిన చోట కూర్చుంటే ఎవరి మొహమూ చూడక్కర్లేదు.”

ఆయన చెప్పింది న్యాయమని నేను ఒప్పుకోను. ఇన్నేళ్ళూ తనకే తెలియకుండా చెల్లెలికి ఇచ్చిన సగాన్ని, తెలిసిన మర్నాడే త్యాగం పేరుతో వెనక్కి లాక్కోవడాన్ని ఏమంటారో ఆయన నోటితోనే వినాలని కూడా అనిపించింది. కానీ ఆయన అప్పటికే నా పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు, మెట్ల దాకా భుజం మీద చెయ్యి వేసి నడిపించాడు. మెట్లు దిగేటప్పుడు పైమెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కున్నాడు.

“చెల్లెలు ఇంకా కొత్త గదిలోనే ఉంటుంది. దారిలోనే కదా, వెళ్ళి చెప్పు” అన్నాడు. “నేను చెప్పమన్నట్టు కాదు, నీకే తోచినట్టు చెప్పు. రెండు బొమ్మలు ఎంత గౌరవమో బాగా చెప్పు. అది ఒప్పుకోకపోతే బతిమాలకు. అంటే, కాస్త బతిమాలు. ఆ కోటు చేతుల సంగతి మాత్రం దాని దగ్గర ఎత్తకు.”